మూడో పిల్లరు కింద

లోహితను పోయిన వారం ఐరాల బస్టాండులో, వానలో, రెండు కాగితాలతో వదిలి వచ్చాం. పాకాల నుంచి ఐరాలకు వేస్తున్న కొత్త రైలుమార్గంలో పనుల నాణ్యత చూడడానికి రైల్వే ఒక ప్రైవేటు కంపెనీని పెట్టుకుంది. ఆ కంపెనీలో ఆమె ఇంజనీరు. ఎర్రేటి మీద కట్టిన వంతెనకు మూడో పిల్లరు పైభాగంలో వెంట్రుకంత పగులు కనిపించడంతో, ఆ పిల్లరు పునాది కాగితాలు వెతకడం మొదలుపెట్టింది. ఆఫీసు ఫైల్లో దొరికిన కాగితం ఏడు మీటర్ల లోతున గట్టి బండ తగిలిందని చెప్పింది. ఆ చోట బోరు వేసిన గురప్ప తన నోటుపుస్తకం నుంచి చించి ఇచ్చిన కాగితం వేరే మాట చెప్పింది. ఆఫీసు కాగితం అడుగున సాక్షి సంతకం ఒకటి ఉంది. పదేళ్ల పాటు ఆమె ప్రోగ్రెస్ కార్డుల మీద పడిన సంతకమే అది. ఆమె నాయన వరదయ్యది.

రైలు సాధన సమితి ఆఫీసు ఎరువుల అంగడి మిద్దె మీద ఉంది. పక్కగోడకు ఆనించిన ఇనుప మెట్లెక్కి పోవాలి. ఉదయం తొమ్మిదిన్నరకే లైటు వేసుకోవలసినంత మబ్బు పట్టింది. తుపాను ఇంకా సముద్రంలోనే ఉందని, రేపు తెల్లవారేసరికి శ్రీహరికోట దగ్గర తీరం దాటుతుందని టీవీలో చెబుతున్నారు. దాని వాన మాత్రం నిన్న సాయంత్రం నుంచే ఐరాల మీద పడుతోంది.

వరదయ్య ఒక్కడే ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఆరెకరాల చెరకు, మామిడితోట చూసుకుంటూ, మిగిలిన కాలమంతా ఇరవై రెండేళ్లుగా ఈ గదిలోనే గడిపినవాడు. బల్ల మీద ఆహ్వాన పత్రికలు పరుచుకుని, ఒక్కో కవరు మీద పేరు రాస్తున్నాడు. వచ్చే నెలలో ఐరాలకు మొదటి బండి వస్తుంది. ఆ రోజు వేదిక మీద కూర్చునేవాళ్లలో సమితి అధ్యక్షుడిగా ఆయన కూడా ఒకడు.

గోడల నిండా ఫోటోలే. రిలే దీక్షల డేరాలు, కలెక్టరాఫీసు ముందు ధర్నాలు, ఢిల్లీకి పోయిన రోజు ప్లాట్‌ఫారం మీద వరసగా నిలబడిన పదకొండు మంది. అన్నిటిలోనూ వరదయ్య పక్కన ఒక పొడుగాటి మనిషి కనిపిస్తాడు. వెంకటేశ్వర్లు. సమితి కార్యదర్శి. లోహిత ఆయన్ను మామా అని పిలిచేది. నాలుగేళ్ల కిందట పోయాడు.

"తడిసిపోయినావే పాపా. గొడుగు యాడ పెట్టినావు?" అన్నాడు వరదయ్య తల ఎత్తకుండానే.

లోహిత తలుపు దగ్గరికి వేసింది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని రెండు కాగితాలనూ ఆహ్వాన పత్రికల మీద పక్కపక్కన పెట్టింది.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చూశాడు. ఆఫీసు కాగితం చూసినప్పుడు ముఖంలో ఏ మార్పూ లేదు. రెండోది చూశాక పెన్నుకు మూత పెట్టాడు. నిదానంగా, మర తిప్పి బిగించాడు.

"గురప్ప ఇచ్చినాడా?"

"ఇచ్చినాడు. ఈ సంతకం నీదేనా నాయనా?"

"నాదే."

ఆయన అబద్ధం చెబుతాడని ఆమె అనుకుంది. బస్టాండు నుంచి ఈ మెట్ల దాకా నడుస్తూ ఆ అబద్ధానికి ఏం జవాబు చెప్పాలో అల్లుకుంటూ వచ్చింది. ఆయన అంత తేలికగా ఒప్పుకునేసరికి ఆ మాటలన్నీ ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"బోరు వేసే దినం నువ్వు ఆడ ఉండినావా?"

"పొద్దున్నించీ సందేళ దాకా ఉండినా. సమితి తరఫున ఒక మనిషి సాక్షిగా ఉండాలని వాళ్లే పిలిపించినారు."

"ఏడు మీటర్ల కాడ ఏమి తగిలింది?"

"రాయి."

"బండా, గుండా?"

ఆ రెండు మాటలకూ తేడా వరదయ్యకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ నేలలో నాలుగు బావులు తవ్వించాడు. బండ అంటే భూమితో కలిసి పుట్టి, పరుచుకుని, ఎంత లోతుకైనా దిగి ఉండే రాయి. గుండు అంటే ఎప్పుడో ఒక వరదకు ఏరు దొర్లించుకొచ్చి వదిలేసిన రాయి. అది ఏనుగంత ఉన్నా సరే, దాని కింద ఉండేది ఏటి ఇసుకే.

"గుండే," అన్నాడు చివరికి. "గురప్ప ఇంకా కిందికి దిగినాడు. గుండు దాటినాక ఇసుక వచ్చింది. పదకొండు మీటర్ల దాకా ఇసుకే. గొట్టంలో నించి ఆ తడి ఇసుక తీసి నా అరసేతిలో పోసినాడు. సల్లగా ఉండింది. 'ఇది పట్టదన్నా' అన్నాడు."

"తెలిసే సంతకం పెట్టినావు."

"తెలిసే పెట్టినా."

రేకుల మీద వాన చప్పుడు పెరిగింది. లోహిత కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్నప్పుడు ఆమెను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని ఎర్రేటి ఒడ్డుకు తీసుకుపోయి, ఇదిగో ఈడ వంతెన వస్తాది పాపా, ఆ వంతెన మీద రైలు వస్తాది అని వేలు పెట్టి చూపించిన మనిషి. ఆమె సివిల్ ఇంజనీరింగ్ చదవడానికి ఆ వేలే కారణం.

"వాళ్ల దగ్గర ఏమన్నా..." అని ఆగిపోయింది.

"లేదు," అన్నాడు వరదయ్య. "వాళ్ల టీ కూడా తాగలేదు."

ఆమె నమ్మింది. నమ్మడం వల్ల బాధ తగ్గలేదు, పెరిగింది. ఏదైనా తీసుకుని ఉంటే కోపం తెచ్చుకోవడం సులువుగా ఉండేది.

"మరి ఎందుకు పెట్టినావు?"

ఆయన లేచి బీరువా తెరిచాడు. అడుగు అరలోంచి అంచులు చిరిగిన పాత ఫైలు తీసి, మధ్యలో ఒక పేజీ తిప్పి ఆమె ముందు పెట్టాడు.

"ఈ లైనుకు డబ్బు రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు నువ్వు పదో తరగతి. పాకాల కాడ మట్టికట్ట కూడా పోసినారు. అప్పుడు ఇదే ఏట్లో, ఇదే సోట బోరు వేసి, ఒక చిన్నవయసు ఇంజనీరు నిజమే రాసినాడు. బండ ఇరవై మీటర్ల కింద ఉండాది, పునాది అందాకా దించాల, ఎస్టిమేటు మార్చాల అని రాసినాడు. మంచోడు. ఆ దినం ఆయనకు నేనే టెంకాయ కొట్టి నీళ్లిచ్చినా. ఎస్టిమేటు మార్చేదానికి ఫైలు పైకి పోయింది. ఇంత ఖర్చు ఎందుకని పైన అడిగినారు. దానికి జవాబు రాసేలోపల మార్చి వచ్చేసింది. ఆ ఏడు ఇచ్చిన డబ్బు ఆ ఏడు వాడలేదని ఇంకో లైనుకు తిప్పేసినారు."

"తెలుసు నాయనా."

"తెలీదు నీకు. మరుసటి బడ్జెట్టు పుస్తకంలో మన లైను పేరు ఉండాది. పేరుకు ఎదురుగా వెయ్యి రూపాయలు ఉండాది. వెయ్యి. లైను సచ్చిపోలేదని సూపించేదానికి వెయ్యి రూపాయలు ఏస్తారు. తొమ్మిదేండ్లు పాపా. ప్రతి ఏడూ పుస్తకం తెప్పించి, ఈడ కూర్చోని, నేనూ మీ వెంకటేశ్వర్లు మామా ఆ పేజీ తిప్పి సూసేవాళ్లం. వెయ్యి. మళ్లా వెయ్యి."

ఆయన గొంతు పెంచలేదు. ఇరవై రెండేళ్లలో ఎన్నో సభల్లో గట్టిగా మాట్లాడినవాడు, ఇప్పుడు ఎవరికో వినిపిస్తుందేమోనన్నట్టు చెబుతున్నాడు.

"మామ ఎట్ల పోయినాడో నువ్వు సూసినావు. వారానికి మూడు తూర్లు వేలూరుకు డయాలసిస్. ఐరాల నించి చిత్తూరు ఒక బస్సు, చిత్తూరు నించి వేలూరు ఇంకో బస్సు. అది చేసుకున్నాక మనిషి నిలబడలేడు. ఆయన బస్సులో నిలబడి వచ్చేవాడు. ఒక దినం ఇదే కుర్చీలో కూర్చోని అన్నాడు, 'వరదా, ఇంక నా వల్ల కాదు, రైలు వచ్చినాక పోతాలే' అని. అని నవ్వినాడు. నేను కూడా నవ్వినా. అది తమాషాకు అన్లేదని నాకు పదిదినాలకు అర్థమైంది. మళ్లా డబ్బు మంజూరైందని కాగితం వచ్చే దినానికి ఆయన పోయి పదారు దినాలు."

లోహిత గోడ మీది ఫోటో వైపు చూడకుండా ఉండలేకపోయింది.

"మామ ఉండి ఉంటే నిన్ను ఈ సంతకం పెట్టనిచ్చేవాడా?"

వరదయ్య పాత ఫైలు అంచులు సరిచేశాడు.

"పెట్టనిచ్చేవాడు కాదు," అన్నాడు.

కింద ఎరువుల అంగడి ముందు ఎవరో మూటల మీద పట్ట కప్పుతున్నారు. ఆ పట్ట గాలికి కొట్టుకుంటున్న చప్పుడు పైకి వినిపిస్తోంది.

"నీ మనసుకు ఏమని చెప్పుకున్నావు నాయనా? నాకు అది కావాల. రోజూ ఈడికి వస్తా ఉండావు, కార్డుల మీద పేర్లు రాస్తా ఉండావు. నిద్ర ఎట్ల పడతా ఉండాది?"

"అమర్‌నాథ్ మాట ఇచ్చినాడు." అమర్‌నాథ్ ఆ వంతెన కాంట్రాక్టరు తరఫున పని చూసే మనిషి. "వేసవిలో ఏరు ఎండినాక పిల్లరు చుట్టూ తవ్వి, కాంక్రీటు పోసి కట్టేస్తామన్నాడు. ముందు లైను తెరుచుకోనీ అన్నాడు. తెరుచుకున్న లైనును ఎవరూ మూయరు, దానికి డబ్బు అదే వస్తాది అన్నాడు."

"రాసిచ్చినాడా?"

"లేదు."

"నమ్మినావా?"

"నమ్మాలనుకున్నా." ఆయన మళ్లీ కూర్చున్నాడు. "ఇంకోటి కూడా అనుకున్నా. ఎల్లుండి ట్రయలు ఉండాది కదా. కంకర నింపిన వ్యాగన్లు వంతెన మీద నడిపిస్తారు. తట్టుకోలేదంటే అప్పుడే తెలిసిపోతాది. ప్యాసింజరు బండి ఎక్కకముందే తెలిసిపోతాది. మనుషులకు ఏమీ కాదు. అప్పుడు వాళ్లే బాగుచేస్తారు. నిజం రాసినందుకు లైను ఆగిందని ఎవురూ అనరు."

"మనుషులకు ఏమీ కాదా?"

"సరుకు బండి కదా పాపా."

"ఇంజన్లో ఇద్దరుంటారు నాయనా."

వరదయ్య ఆమెను చూశాడు. ఆ చూపులోనే లోహితకు అర్థమైంది. ఆయన ఈ సంగతి దాచలేదు. ఆయనకు ఇది తోచనేలేదు. రైలును ఇన్నేళ్లు కోరుకున్నవాడు రైలును నడిపే మనిషిని ఒక్కసారి కూడా తలుచుకోలేదు. ఆయన చెయ్యి బల్ల మీది కవర్లను అనవసరంగా ఒక పక్కకు జరిపింది.

"అది తూకం వేసి చూసే పరీక్ష కాదు," అందామె, కోపం ఎక్కడికో పోయి, చిన్నపిల్లలకు చెప్పినట్టు. "ఎండాకాలంలో అయితే ఆ గుండు బరువు మోస్తాదేమో. ఏరు పారేటప్పుడు నీళ్లు పిల్లరు చుట్టూ సుడి తిరిగి అడుగున ఇసుకను లాగేస్తాయి. పైన ఏమీ కనపడదు. కింద గుండుకు ఆనుడు ఉండదు. అప్పుడు దాని మీద బరువు పడితే అది రవంత రవంత కుంగదు. ఒకేసారి దొర్లుతాది."

"నాలుగు నెలలు తాళు పాపా. ట్రయలు ఆపించు, వద్దన్లేదు. వాన అని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. కాగితం మాత్రం బయటపెట్టొద్దు. వేసవి దాకా."

"నాలుగు నెలలు ఏరు తాళతాదా?"

ఆయన పాత ఫైలు మూసేశాడు.

"నేను రైల్వేకు రాస్తా. ఇయ్యాలే రాస్తా. నీ పేరు కూడా రాస్తా."

"రాయి," అన్నాడు వరదయ్య. తల ఎత్తి అడిగాడు. "ఈ కాగితాల సంగతి ఇంకెవురికన్నా చెప్పినావా?"

"నిన్న సాయంత్రం దయానంద్ సారుకు ఫోటోలు పంపినా. మా మేనేజరు ఆయనే కదా. పొద్దున మాట్లాడదామని మెసేజ్ పెట్టినాడు."

వరదయ్య రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచి నిలబడ్డాడు.

"దయానందుకా?"

"ఏమి?"

"ఆ దినం ఏటి కాడ గుండును సూసింది నలుగురం. గురప్ప, నేను, అమర్‌నాథ్. నాలుగో మనిషి దయానంద్. 'బండ అని రాయండి' అని చెప్పింది అమర్‌నాథ్ కాదు పాపా. ఆయనే."

లోహిత ఫోను తీసి చూసింది. దయానంద్ నుంచి రాత్రి వచ్చిన మెసేజ్ తర్వాత ఇంకేమీ లేదు. ఆయన నంబరు నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి నొక్కబోతుండగా ఫోనే మోగింది. గురప్ప.

గురప్ప బోరు పని మానేసి మూడు నెలలైంది. పునాది సంగతి బయట మాట్లాడకుండా ఉండాలని అమర్‌నాథ్ అతన్ని వంతెన దగ్గర కాపలాకు పెట్టుకున్నాడు. వెనక ఏటి హోరు వినిపిస్తోంది. అతను అరిచి మాట్లాడుతున్నాడు.

"పాపా, నీళ్లు పిల్లరు మీది తెల్లగీత దాటినాయి. నువ్వు అంటించిన గాజుముక్క రెండైంది."

పోయిన వారం పగులు కనిపించిన చోట ఆమె అడ్డంగా సన్నటి గాజుపలకను సిమెంటుతో అంటించింది. పగులు కదిలితే ముందు గాజు విరుగుతుంది. గాజు విరగనంత కాలం పిల్లరు నిలకడగా ఉన్నట్టు. తెల్లగీత వరద ప్రమాదం గుర్తు.

"ఎప్పుడు విరిగింది?"

"తెల్లారి సూసినప్పుడు బాగుండింది. ఇప్పుడు సూస్తే రెండు ముక్కలు. ఇంకోటి పాపా. వాకీటాకీలో ఇనపడింది. ట్రయలు ఎల్లుండి కాదంట. ఇయ్యాలే అంట. తుపాను ముందర ముగించేయాలని పాకాలలో బండి రెడీ చేసినారంట. కాయితాల మీద సంతకాలు కూడా..."

హోరులో మిగిలిన మాట వినిపించలేదు. తర్వాత ఫోను తెగిపోయింది.

తుపాను వల్ల ముందుకు జరపలేదని ఆమెకు వెంటనే తెలిసింది. ఆమె నిన్న సాయంత్రం పంపిన రెండు ఫోటోల వల్ల జరిపారు. ఆమె రైల్వేకు ఒక్క మాట రాసేలోగా, వంతెన బరువు మోసిందని ఒక కాగితం వాళ్ల చేతిలో ఉండాలి.

అమర్‌నాథ్‌కు చేసింది. ఎత్తలేదు. పాకాల స్టేషన్ నంబరుకు చేసింది. స్టేషన్ మాస్టర్ ఎత్తాడు, అంతా విన్నాడు.

"ఆ లైను ఇంకా మాకు అప్పగించలేదమ్మా. సిగ్నళ్లు లేవు. బండి ఇప్పుడు పని చేసేవాళ్ల చేతిలో ఉంది. కదిలి ఏడెనిమిది నిమిషాలైంది. మోటార్‌సైకిల్ మీద మనిషిని పంపుతాను. కట్ట పక్కన అంతా బురద. అందుకుంటాడని మాత్రం చెప్పలేను."

పాకాల నుంచి వంతెనకు పద్నాలుగు కిలోమీటర్లు. కొత్త పట్టాల మీద బండి మెల్లగానే వస్తుంది. అరగంట. అందులో ఎనిమిది నిమిషాలు అయిపోయాయి.

లోహిత కాగితాలు సంచిలోకి తోసుకుంటోంది. వెనక నుంచి వరదయ్య గొంతు వినిపించింది.

"కింద నా స్కూటర్ ఉండాది, తియ్యి పాపా."

ఆయన అప్పటికే తలుపు తీసి, మెట్ల మీద ఉన్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఐరాల నుంచి వంతెనకు ఐదు కిలోమీటర్లు. లోహిత స్కూటర్ నడిపింది. వరదయ్య వెనక కూర్చుని ఒక చేత్తో ఆమె భుజం పట్టుకున్నాడు. దారంతా ఎర్రనీళ్లు. చెరకుతోటలు పక్కకు పడుకున్నాయి. కల్వర్టు దగ్గర స్కూటర్ జారి మళ్లీ నిలదొక్కుకున్నాక, ఆయన ఆమె చెవి దగ్గర అన్నాడు.

"ఆ ఇద్దరి పేర్లు నీకు తెలుసునా?"

"ఎవరివి?"

"ఇంజన్లో ఉండేవాళ్లవి."

"తెలీదు నాయనా."



కట్ట ఎక్కేసరికి ఎర్రేరు కనిపించింది. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప ఏమీ లేని ఏరు ఒడ్డుల దాకా నిండి పారుతోంది. కిందనున్న కాజ్‌వే ఎక్కడుందో కూడా తెలియడం లేదు. అవతలి ఒడ్డుకు పోవాలంటే వంతెన తప్ప దారి లేదు. బండి వచ్చేది అవతలి వైపు నుంచే.

వంతెన మీద ఇనుప గడ్డర్లు, వాటి మీద స్లీపర్లు, పట్టాలు. నడవడానికి పలకలు ఇంకా వెయ్యలేదు. స్లీపర్ల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తున్నాయి. ఒక పక్క మాత్రమే రెయిలింగు పెట్టి, పసుపు రంగు వేశారు.

గురప్ప కర్ర ఊతంతో ఎదురొచ్చాడు. బోరు రాడ్డు మీద పడి కుడికాలు విరిగిన మనిషి. తడిసి ముద్దయ్యాడు.

"అవతలికి పోదామని రెండుసార్లు సూసినా అన్నా. నాలుగు స్లీపర్లు దాటలేకపోయినా. ఈ కాలు నిలవడం లేదు."

"ఎర్రజెండా ఉండాదా?" అడిగింది లోహిత.

"ఎర్రది ఇయ్యలేదు పాపా. పచ్చది ఒక్కటే ఇచ్చినారు."

అతని భుజం మీది ఎర్ర తువ్వాలను ఆమె లాక్కుంది. దుపట్టా నడుముకు బిగించి కట్టుకుంది. మొదటి స్లీపరు మీద అడుగు పెట్టబోతుండగా సంచిలో ఫోను మోగింది. దయానంద్.

వరదయ్య ఆమె చేతిలోంచి తువ్వాల తీసుకున్నాడు.

"నువ్వు మాట్లాడు. ఆ వాకీటాకీలో చెప్పించి బండి ఆపించేది నీ వల్లే అవుతాది. నడిచేది నా వల్ల అవుతాది."

"నాయనా, వద్దు."

"మాట్లాడు పాపా," అని పంచె ఎగ్గట్టి వంతెన మీదికి నడిచాడు.

గురప్ప ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఫోను ఎత్తింది.

"ఎక్కడున్నావ్ లోహితా?" దయానంద్ గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. ఆయన పాకాలలో, కాంట్రాక్టరు ఆఫీసులో ఉన్నట్టున్నాడు. వెనక ఎవరో నవ్వుతున్నారు.

"బండి ఆపండి సార్."

"ట్రయల్ అవ్వనీ. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

"మూడో పిల్లరు మీద గాజు విరిగింది సార్. నీళ్లు గీత దాటినాయి."

"గాజు కదా. విరుగుతుంది. చూడు, నీ మంచి కోరి చెబుతున్నాను. ఆ కాగితం బయటికొస్తే మొదట బయటికొచ్చే పేరు మీ నాన్నగారిది. ఇరవై ఏళ్లు ఊరి కోసం తిరిగిన మనిషి. ఈ వయసులో ఆయన్ని పోలీస్ స్టేషన్లో కూర్చోబెడతావా?"

వరదయ్య రెండో గడ్డరు దాటాడు. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చేతిలో తువ్వాల. ప్రతి స్లీపరునూ చూసుకుంటూ, వంగి, పెద్ద పెద్ద అడుగులు వేస్తున్నాడు.

"మా నాయన వంతెన మీద ఉండాడు సార్," అంది లోహిత.

"ఏమిటి?"

"ఎర్రగుడ్డ పట్టుకొని మూడో పిల్లరు వైపు నడస్తా ఉండాడు. బండికి ఎదురుగా."

అవతల నవ్వు ఆగిపోయింది. కుర్చీ జరిగిన చప్పుడు.

"దింపెయ్," అన్నాడు దయానంద్. ఆ నెమ్మది ఇప్పుడు లేదు. "వెంటనే దింపెయ్ ఆయన్ని. ఆ పిల్లరు మీదికి పోనివ్వకు."

ఆయనకు తెలుసు. గాజు విరగక ముందు నుంచీ, ఆమె కంటే బాగా తెలుసు.

"అయితే బండి ఆపండి."

దయానంద్ ఎవరితోనో అరుస్తున్నాడు. వాకీటాకీ గరగర వినిపించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ఎవరో పిలిచారు. ఆ పిలుపుకు గరగరే జవాబు. ఆయన మళ్లీ ఫోనులోకి వచ్చినప్పుడు గొంతు గుర్తుపట్టేలా లేదు.

"ఇంజన్లో సెట్టు పలకడం లేదు. వానకు పోయినట్టుంది. లోహితా, ఎవరి మాటా వాళ్లకు అందడం లేదు."

ఏటి హోరు మీదుగా, దూరంగా, సన్నగా, హారన్ వినిపించింది.

ఐరాల ఇరవై రెండేళ్లు ఎదురుచూసిన శబ్దం అది. అవతలి ఒడ్డున గుట్ట వంపు దాకా వచ్చినట్టుంది. వంపు తిరిగితే వంతెనకు అర కిలోమీటరు కూడా ఉండదు. వానలో, ఈ చివర నుంచి, ఎర్రగుడ్డ వాళ్లకు కనిపించదు. అవతలి ఒడ్డుకు చేరి, పట్టాల మధ్య నిలబడితేనే కనిపిస్తుంది. వరదయ్యకు ఇంకా సగం వంతెన మిగిలి ఉంది.

"నాయనా, వెనక్కి రా," అని లోహిత అరిచింది. ఆ మాట ఆమెకే వినిపించలేదు.

గురప్ప వేళ్లు ఆమె మోచేతిలో గుచ్చుకున్నాయి.

"పాపా. రెయిలింగు సూడు."

ఆమె చూసింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నూలు పట్టి గీసినట్టున్న పసుపు గీత, మధ్యలో, మూడో పిల్లరు మీద, జానెడు కిందికి దిగి ఉంది.

వరదయ్య సరిగ్గా అక్కడే ఉన్నాడు. పాదం కింద స్లీపరు కదిలినట్టుంది, ఆగిపోయాడు. రెయిలింగు మీది చేతిని చూసుకున్నాడు. నిదానంగా వెనక్కి తిరిగి, ఇంత దూరం నుంచి, కూతుర్ని చూశాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి రమ్మని పిలిచింది. ఆయన అది చూశాడు. చూశాడని ఆమెకు తెలుసు.

అవతల గుట్ట వంపులో, వాన తెర వెనక, ఇంజను దీపం కనిపించింది.

వరదయ్య ఆమెకు వీపు తిప్పాడు. తువ్వాలను రెండు చేతులా తలపైకి ఎత్తి, ఆ దీపం వైపుకు పరుగెత్తాడు. ఆయన ఐదో అడుగు వేసేసరికి ఆయన వెనక పసుపు రెయిలింగు తెగి, ఎర్రనీళ్లలోకి వేలాడింది.